కార్డని చెప్పకుండా ఓటీపీ అడగమంటున్నారు

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 27 ఏళ్ళు. మాది గజపతినగరం దగ్గర పల్లెటూరు. విజయనగరంలో ఒక పెద్ద బట్టల షోరూంలో మూడేళ్ళుగా బిల్లింగ్ కౌంటర్‌లో చేస్తున్నాను. చేతికి 13,500 వస్తుంది. మా ఆయన ఆటో నడుపుతారు. బాబు యూకేజీ.

మొదట్లో బిల్లు కొట్టి కవర్ ఇస్తే నా పని అయిపోయేది. ఏడాది కిందట మా షోరూం పేరుతో ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు వచ్చింది. అప్పట్నుంచి మనిషికి రోజుకి మూడు కార్డులు టార్గెట్. పొద్దున్న షట్టర్ ఎత్తకముందే మీటింగ్ పెట్టి ఎవరివి ఎన్నో పైకి చదువుతారు. రాత్రికి వాట్సాప్ గ్రూపులో లిస్టు పెడతారు. సున్నా వచ్చినవాళ్ళ పేర్లు ఎర్ర రంగులో ఉంటాయి. వరసగా రెండు రోజులు సున్నా అయితే వీకాఫ్ క్యాన్సిల్.

దసరాల ముందు మేనేజర్ సారు ఒక చిట్కా చెప్పారు. "కార్డంటే పల్లెవాళ్ళు భయపడతారు. పది శాతం తగ్గుతుంది, ఫోన్‌కి వచ్చిన నంబరు చెప్పండి అనండి, చాలు" అన్నారు. అలాగే చేశాను. సిరిమాను పండగ వారంలో పద్నాలుగు కార్డులయ్యాయి. మీటింగ్‌లో నాకు చప్పట్లు కొట్టించారు.

ఆ పద్నాలుగు మందిలో మా వీధి పిన్ని ఒకావిడ. డ్వాక్రా గ్రూపు లీడరు, ఇంటి ముందు చిన్న కొట్టు ఉంది. నన్ను నమ్మి పాన్ కార్డు ఫోటో కూడా ఫోన్‌లో చూపించింది. కార్డు పోస్టులో వస్తే కవరు విప్పకుండా బీరువాలో పెట్టేసిందట. ఇప్పుడు 589 రూపాయలు కట్టమని మెసేజీలు, ఫోన్లు. మొన్న మా గుమ్మంలోకొచ్చి "నువ్వు నంబరు సెప్పమంటే సెప్పినాను. నానేటి అప్పు సేసినానే?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. కత్తెరతో కార్డు ముక్కలు చేసి పారేస్తానంటోంది.

తప్పు నాదా, షోరూందా? టార్గెట్ చెయ్యకపోతే తీసేస్తామంటున్నారు, అలా తీసెయ్యగలరా? ఉద్యోగం మానేసే పరిస్థితిలో మేం లేం. పేరు వెయ్యకండి.

సమాధానం:

అమ్మా,

నేనూ కౌంటర్ వెనక కూర్చున్నదాన్నే. శ్రీకాకుళంలో ఒక బ్యాంకు బ్రాంచిలో చాలా ఏళ్ళు చేశాను. మార్చి వస్తోందంటే మా మీద ఇన్సూరెన్స్ పాలసీల టార్గెట్ పడేది. ఒక మార్చిలో పొందూరు నుంచి రిటైర్డ్ మాస్టారు ఒకాయన లక్ష రూపాయలు ఫిక్సెడ్ డిపాజిట్ వెయ్యడానికి వచ్చారు. ఇస్త్రీ మడత నలగని ఖద్దరు చొక్కా, చేతిలో గుడ్డ సంచీ. "ఇది కూడా డిపాజిట్ లాంటిదే మాస్టారూ, ఇంకా ఎక్కువొస్తుంది" అన్నాను. ఫారం మీద ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు నేనే పెట్టిచ్చాను. మరుసటి మార్చిలో ఆయన మళ్ళీ వచ్చారు. రెన్యూవల్ నోటీసు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వచ్చారు. ఏటేటా లక్ష కట్టాలని ఆయనకి తెలీదు. కోప్పడలేదు. "అమ్మా, ఇది మళ్ళీ కట్టాలా?" అని అడిగారు, అంతే. నా వెనక గోడకి ఆ ఏడాది మా బ్రాంచికి వచ్చిన షీల్డు వేలాడుతోంది.

టార్గెట్ మా పైవాళ్ళది. కానీ "లాంటిదే" అన్న మాట నాది. అది నాకెవరూ నేర్పలేదు, నా నోటికే వచ్చింది. అందుకని "తప్పంతా షోరూందే, నీదేం లేదు" అని నిన్ను ఓదార్చలేను. రోజుకి మూడు అని లెక్క పెట్టింది షోరూం, దొంగదారి చూపించింది మేనేజరు, వచ్చిన అప్లికేషన్‌ని వెనకాముందూ చూడకుండా ఓకే చేసింది బ్యాంకు. పిన్ని ముందు నిలబడి నంబరు అడిగింది నువ్వు. ఆ ఒక్క ముక్క నీది. నీకు సమాధానపడాల్సింది కూడా అంతవరకే. మిగతాదంతా నెత్తిన వేసుకుని రాత్రిళ్ళు నిద్ర పాడుచేసుకోకు.

కార్డు కావాలా అని కస్టమర్‌ని అడగడంలో తప్పేం లేదు. ప్రతి బిల్లుకీ అడుగు, జీతం అందుకు కూడా ఇస్తున్నారు. అది అప్పు కార్డన్న సంగతి దాచిపెట్టి ఓటీపీ తీసుకోవడం వేరే పని. ఆ పని చెయ్యమనే హక్కు మీ మేనేజర్‌కి లేదు. కార్డిచ్చిన బ్యాంకుకీ లేదు.

ఎందుకంటే ఆ కార్డు మీద షోరూం బొమ్మ ఉన్నా, అప్పిచ్చేది బ్యాంకు. ఇలాంటి జోడు పేర్ల కార్డుల్లో షాపు పని కార్డుని ప్రచారం చెయ్యడం, అంటగట్టకుండా అమ్మిపెట్టడం, కార్డున్నవాళ్ళకి తన సరుకు మీద తగ్గింపులివ్వడం వరకే. 2022 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు క్రెడిట్ కార్డుల మీద ఆదేశాలిచ్చింది, చాలామటుకు ఆ జూలై నుంచి అమల్లోకొచ్చాయి. మనిషి స్పష్టంగా ఒప్పుకోకుండా కార్డు ఇవ్వకూడదు. వడ్డీ ఎంత, ఫీజులెంత అన్నది ఒక పేజీలో రాసి అప్లికేషన్‌తో పాటే చూపించాలి. మీ కౌంటర్‌లో ఆ పేజీ ఎప్పుడైనా కస్టమర్ చేతికి ఇచ్చారా? ట్యాబ్‌లో చకచకా కిందకి జరిపేసి "ఐ అగ్రీ" నొక్కేసి ఉంటావు. నొక్కింది నీ వేలు, ఒప్పుకున్నట్టు పడింది పిన్ని పేరు.

ఇలాంటివి బయటపడ్డప్పుడు ముందు ఎవరి మెడకి చుట్టుకుంటాయో అమెరికాలో జరిగిందొకటి చెబుతాను. వెల్స్ ఫార్గో అని అక్కడ చాలా పెద్ద బ్యాంకు. ఒక్కో కస్టమర్‌కి ఇన్నేసి అకౌంట్లు, కార్డులు అమ్మాలని బ్రాంచీల మీద ఏళ్ళ తరబడి ఒత్తిడి పెట్టారు. తట్టుకోలేక ఉద్యోగులు కస్టమర్లకి తెలియకుండానే అకౌంట్లు తెరిచేశారు. 2016లో గుట్టు రట్టయ్యేసరికి అలాంటివి 20 లక్షల దాకా ఉండొచ్చని తేలింది. బ్యాంకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. ఆ పాటికే ఉద్యోగాలు పోయినవాళ్ళు 5,300 మంది. బ్యాంకు పెద్దాయన రాజీనామా చేసింది ఆ తరవాత, అక్టోబరులో. మీ షోరూంలో కూడా ఒక కస్టమర్ గట్టిగా కంప్లయింట్ పెడితే సిస్టంలో కనబడేది నీ ఐడీయే. మీటింగ్‌లో నోటితో చెప్పిన చిట్కా ఎక్కడా కనబడదు.

అందుకని ఆ మాట కాగితం మీదకి రప్పించు. ఎదురు తిరగక్కర్లేదు, గొంతు పెంచక్కర్లేదు. "సర్, కార్డని చెప్పకుండా డిస్కౌంట్ కోసమని ఓటీపీ తీసుకోమన్నారు కదా. కస్టమర్లు వెనక్కొచ్చి గొడవ పెడుతున్నారు. అలాగే కంటిన్యూ చెయ్యమంటారా?" అని ఆయనకి విడిగా వాట్సాప్ మెసేజ్ పెట్టు. చెయ్యమని రాతపూర్వకంగా చెప్పే మేనేజర్‌ని నేనింతవరకూ చూళ్ళేదు. జవాబే రాదు, లేదా "అలా అనలేదు, సరిగ్గా ఎక్స్‌ప్లెయిన్ చెయ్యండి" అని వస్తుంది. ఏదొచ్చినా నీకు మంచిదే. పైనున్న ఏరియా మేనేజర్ ఆయన్ని కూడా ఇలాగే లిస్టులో ఎర్ర రంగులో పెడుతూ ఉంటాడు, ఆ సంగతి నాకు తెలుసు. ఆయన మీద కక్ష వద్దు. ఆయన చిట్కా మాత్రం వద్దు.

ఇక రేపు కౌంటర్‌లో ఏం చెప్పాలి? వడ్డీ సంవత్సరానికి ఇంత శాతం అని చెబితే మనవైపు ఎవరికీ తలకెక్కదు. నూటికి ఎన్ని రూపాయలు అంటే ముసలమ్మకి కూడా ఠక్కున అర్థమవుతుంది. డ్వాక్రా ఆడవాళ్ళకి పావలా వడ్డీ తెలుసు, ఊళ్ళో చేబదులు నూటికి రెండు రూపాయలని తెలుసు, మూడంటే అమ్మో అంటారు. క్రెడిట్ కార్డు బాకీ మీద చాలా బ్యాంకులు నెలకి మూడు, మూడున్నర శాతం దాకా వేస్తాయి. మీ కార్డుకి ఎంతో ఆ ఒక్క పేజీలో ఉంటుంది, చూసి గుర్తుపెట్టుకో. మూడున్నరే అనుకో. అప్పుడు ఇలా చెప్పు: "అమ్మా, ఇది డిస్కౌంట్ కార్డు కాదు, బ్యాంకు అప్పు కార్డు. బిల్లు గడువులోగా మొత్తం కట్టేస్తే వడ్డీ ఉండదు. కట్టలేకపోతే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ పడుతుంది. ఏడాదికి 499, పైన జీఎస్టీ ఫీజు. తీసుకుంటారా?" పావు నిమిషం పట్టదు.

మినిమం డ్యూ అన్న మాట కూడా విప్పి చెప్పు, అదే పెద్ద ఉచ్చు. ఎవరైనా 8,000 పెట్టి పండగ బట్టలు కొని, బిల్లులో మినిమం అని కనబడిన 400 మాత్రం కట్టారనుకో. నెలకి మూడున్నర శాతం చొప్పున వడ్డీ 280, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 50. కట్టిన 400లో 330 అక్కడే కరిగిపోతుంది. అసలులో తగ్గేది 70 రూపాయలు. వచ్చే సిరిమానుకి కూడా ఆ చీర బాకీ తీరదు.

ఇది విన్నాక పదిమందిలో ఎనిమిది మంది వద్దంటారు. అననీ. మిగిలిన ఇద్దరూ నెలనెలా జీతం పడే మనుషులై ఉంటారు, టీచర్లో, రైల్వేవాళ్ళో, కలెక్టరేట్‌లో పనిచేసేవాళ్ళో. బిల్లు గడువులోపల కట్టేసేవాళ్ళకి ఆ కార్డు నిజంగానే లాభం, తగ్గింపు వాళ్ళకి మిగులుతుంది. నెల మొదటి వారంలో, సాయంత్రం ఆరు దాటాక వచ్చేవాళ్ళని అడిగి చూడు. ఎప్పుడో పంట డబ్బు చేతికొచ్చినప్పుడు, చీపురుపల్లి బస్సు దిగి ఇంటిల్లిపాదికీ ఒకేసారి బట్టలు తీసుకునే మనిషికి నెలనెలా గడువు పెట్టే కార్డు ఏం కుదురుతుంది? ఇంకొకటి కనుక్కో. మీ లెక్క అప్లికేషన్లదా, పాసైన కార్డులదా, వాడుకలో ఉన్నవాటిదా? వాడుకలో ఉన్నవాటిదైతే, చెప్పి చేసిన రెండు కార్డులు చెప్పకుండా చేసిన ఆరింటి కంటే నయమని నువ్వే లెక్కేసి మేనేజర్‌కి చూపించొచ్చు.

టార్గెట్ నిండడం లేదని మీ ఆయన పేరునో, తమ్ముడి పేరునో, పండక్కొచ్చిన మేనమామ పేరునో కార్డు చేయించకు. మా బ్రాంచిలో అందరం ఇదే చేశాం, నా పేరున కూడా అక్కర్లేని పాలసీలు ఉండేవి. అప్లై చేసిన ప్రతిసారీ సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర రాసిపెట్టే చోట, ఒక ఎంక్వయిరీ పడుతుంది. రేపు మీ ఆయన కొత్త ఆటోకి లోన్ అడిగినప్పుడు అవన్నీ అక్కడ కనబడతాయి.

తీసెయ్యగలరా అని అడిగావు. ఆంధ్రప్రదేశ్‌లో దుకాణాలు, సంస్థల చట్టం 1988 నాటిది ఉంది. ఆరు నెలలకి పైగా వరసగా పనిచేస్తున్న మనిషిని సరైన కారణం లేకుండా తీసెయ్యకూడదు, తీసెయ్యాలంటే నెల రోజుల ముందు నోటీసో, దానికి బదులు నెల జీతమో ఇవ్వాలి. నీకు మూడేళ్ళు. వారానికి ఒక పూర్తి రోజు సెలవు కూడా ఆ చట్టంలో ఉన్నదే, సున్నా వచ్చిందని వీకాఫ్ లాగేసుకోవడం కుదరదు. కార్డులు తగ్గాయని జీతంలో కోత పెట్టడానికీ వీల్లేదు. జీతంలోంచి ఏయే కారణాలకి పట్టుకోవచ్చో చట్టమే చెబుతుంది, అమ్మకాల టార్గెట్ అందకపోవడం అందులో లేదు. ఇన్సెంటివ్ మాత్రం వేరు, అది ఇవ్వకపోతే ఏం చెయ్యలేం.

చట్టం ఇలా ఉందని షోరూంలన్నీ ఇలాగే నడుస్తాయని నేననడం లేదు. పొమ్మనకుండా పొగపెట్టడం అన్నిచోట్లా ఉన్నదే. పిల్లల సెక్షన్ నుంచి గోడౌన్‌కి మారుస్తారు, షిఫ్టులు తిప్పుతారు. అందుకని ముందే నీ కాగితాలు ఇంట్లో ఒకచోట పెట్టుకో. అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు, ఎర్ర పేర్ల లిస్టుల స్క్రీన్‌షాట్లు, వీకాఫ్ క్యాన్సిల్ చేసిన మెసేజీలు కావాలి. స్లిప్పు మీద షోరూం పేరుందా, మనుషుల్ని పంపే ఏజెన్సీ పేరుందా చూడు. చాలామంది కౌంటర్ పిల్లలకి తాము ఎవరి ఉద్యోగులో కూడా తెలీదు, తీసేసిన రోజున తెలుస్తుంది. బాబు పాత నోట్‌బుక్‌లో మిగిలిన పేజీల్లో తేదీ వేసి రోజుకి రెండు లైన్లు రాసుకో, ఎవరేమన్నారో. అవసరమైతే జిల్లా కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళు. కోర్టులో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్ళకి సంపాదనతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తుంది, 15100కి ఫోన్ చేసినా చాలు. మూడేళ్ళ బిల్లింగ్ అనుభవం ఉన్న మనిషి ఊళ్ళో మిగతా షాపులకీ కావాలి. ఎక్కడెక్కడ ఖాళీలున్నాయో మెల్లిగా వాకబు చేస్తూ ఉండు. ఆ వాకబు మీ షోరూం గ్రూపులో ఉన్న స్నేహితురాళ్ళ ద్వారా మాత్రం వద్దు.

ఇదంతా నెమ్మదిగా చేసుకోవచ్చు. ఈ వారమే తెమల్చాల్సింది పిన్ని పని. వీకాఫ్ రోజున ఆవిడ ఇంటికెళ్ళు, ఫోన్‌లో చెప్పి సరిపెట్టకు. "నిన్ను అడగాల్సినట్టు అడగలేదు పిన్నీ" అని ఒక్క ముక్క ముందు చెప్పెయ్. నేను మాస్టారికి ఆ మాట చెప్పలేదు. ఆ తరవాత ఆయన మా కౌంటర్‌కి కాకుండా పక్క కౌంటర్‌కి వెళ్ళేవారు.

తరవాత ఇద్దరూ కూర్చుని బ్యాంకుకి ఫోన్ చెయ్యండి. షోరూంకి కాదు, కార్డు ఇచ్చిన బ్యాంకుకి. పిన్నే మాట్లాడాలి, నువ్వు పక్కన ఉండు. రెండు సంగతులూ ఒకే కంప్లయింట్‌లో చెప్పించు. కార్డు అని చెప్పకుండా డిస్కౌంట్ కోసమని ఓటీపీ తీసుకున్నారు కాబట్టి ఫీజు వెనక్కి తియ్యండి, కార్డు అకౌంట్ మూసెయ్యండి అని. మూసెయ్యమన్నాక, బాకీ లేకపోతే, 7 పనిరోజుల్లో మూసెయ్యాలి. ఆలస్యం చేస్తే రోజుకి 500 చొప్పున ఆవిడకే ఇవ్వాలి. అడగని కార్డు ఇచ్చి బిల్లు వేశారని తేలితే ఆ బిల్లు రద్దు చేసి దానికి రెట్టింపు జరిమానా కూడా ఆవిడకి చెల్లించాలి. కవరే విప్పలేదన్నావు కాబట్టి కార్డు యాక్టివేట్ అయుండదు. అలాంటి కార్డుకి 30 రోజులు దాటాక బ్యాంకు మళ్ళీ ఓటీపీ పంపి ఒప్పుకోలు అడగాలి, ఒప్పుకోకపోతే పైసా తీసుకోకుండా మూసెయ్యాలి. యాక్టివేట్ కాని కార్డు సంగతి సిబిల్‌కి పంపకూడదు. వచ్చే డ్వాక్రా లోన్‌కి అడ్డమవుతుందేమోనని ఆవిడకి బెంగ ఉంటే సిబిల్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా వస్తుంది, తీసి చూపించు.

"ఓటీపీ మీరే ఇచ్చారు కదా" అంటారు, తప్పకుండా అంటారు. "దేనికని అడిగి తీసుకున్నారో అది మీరు కనుక్కోండి" అనమను. అదే మాట ఈమెయిల్‌లో కూడా పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఖర్చు లేకుండా ఫిర్యాదు చెయ్యొచ్చు. ఎలాగో 14448కి ఫోన్ చేస్తే చెబుతారు. కంప్లయింట్‌లో నీ పేరు రాయక్కర్లేదు, కౌంటర్‌లో అడిగారు అంటే చాలు. నిన్ను పిలిచి అడిగితే మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పు.

మిగతా పదమూడు మంది నంబర్లు షోరూం సిస్టంలోంచి తీసి ఫోన్లు చెయ్యకు, అది ఇంకో తప్పు. మళ్ళీ కౌంటర్‌కి వచ్చినవాళ్ళకి చెప్పు, సంక్రాంతికి సగం మంది ఎలాగూ వస్తారు.

పిన్ని చేతిలో కత్తెర మాత్రం ఆపు. కార్డు ముక్కలు చేసినంత మాత్రాన అకౌంట్ పోదు, ఫీజు ఏటా పడుతూనే ఉంటుంది. పైగా బ్యాంకుకి ఫోన్ చెయ్యాల్సిన నంబరు ఆ కార్డు వెనకే ఉంటుంది.